సొంత మైదానంలో కేకలు ఎవరి మీద పనిచేస్తాయి?

ఫుట్‌బాల్ ఆటలో జట్టుకు పదకొండుమంది అని నిబంధనల పుస్తకంలో ఉంటుంది. సొంత మైదానంలో ఆడే జట్టుకు మాత్రం పన్నెండో ఆటగాడు కూడా ఉంటాడని, ఆ ఆటగాడు ప్రేక్షక జనమేనని ఆట చూసే ప్రతివాడూ అంటాడు. మన కళాశాల మైదానం పక్కన మూడేళ్ళుగా నిలబడి గొంతు పోయేదాకా అరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ మాట ఎంతవరకు నిజం, నిజమైతే ఆ పన్నెండోవాడి బలం ఎవరి మీద పనిచేస్తుంది అన్న సంగతి కాస్త శాస్త్రీయంగా పరిశీలించాలనిపించింది. అలా అనిపించడానికి కారణం కిందటి సంవత్సరం మన మైదానంలో జరిగిన ఒక ఆట. ముందు అది చెప్పి తరువాత పాఠంలోకి వస్తాను.

ఆ రోజు

అంతర కళాశాలల పోటీ. స్కోరు చెరొక గోలు. ఇంకా పది నిమిషాల ఆట ఉంది. మన ఫార్వర్డు బంతి తీసుకుని పెనాల్టీ బాక్సులోకి దూసుకుపోయాడు. అవతలి జట్టు ఫుల్ బ్యాకు అడ్డం వచ్చి కాలు చాపాడు. మనవాడు పడ్డాడు. నేను సరిగ్గా ఆ సూటిలోనే గీత పక్కన ఉన్నాను. ఆ అబ్బాయి కాలు బంతికే తగిలింది. బంతి పక్కకు పోయిన తరువాతే మనవాడు తూలి పడ్డాడు. ఇది నేను కళ్ళారా చూశాను. చూసి కూడా "పెనాల్టీ!" అని అరిచాను. మొదట అరిచిన నలుగురైదుగురిలో నేనున్నాను. రెండు సెకన్లలో మూడువందల మంది అదే మాట అందుకున్నారు. రిఫరీ గారు ఒక్క క్షణం ఆగి విజిల్ ఊదారు. మనం 2-1తో గెలిచాం.

సాయంత్రం కొళాయి దగ్గర ఆ ఫుల్ బ్యాకు కాళ్ళు కడుక్కుంటున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. "అన్నా, మీరక్కడే ఉన్నారుగా. నా కాలు బంతికే తగిలింది గదా?" అని అడిగాడు. "నాకు సరిగ్గా కనపడలేదు తమ్ముడూ" అన్నాను. అది అబద్ధం. గెలిచిన సంతోషం అక్కడితో చప్పబడిపోయింది.

తరువాత ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నతో ఈ సంగతి చెప్పాను. మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు తిరునాళ్ళకు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. జనం రెండు వైపులా నిలబడి ఈలలు, కేకలతో హోరెత్తిస్తారు. సొంతూరి జత దిగితే ఆ హోరు ఇంకా ఎక్కువ. "సొంతూళ్ళో ఎడ్లు ఎక్కువ లాగుతాయా నాన్నా?" అని అడిగితే ఆయన నవ్వి, "ఎడ్లకు మనూరు, పక్కూరు అని ఏం తెలుసురా? మన కేకలు తోలేవాడి తలకెక్కుతాయి. వాడు ముల్లుగర్ర ఎక్కువ వాడతాడు. అంతే" అన్నారు. ఫుట్‌బాల్ గురించి శాస్త్రజ్ఞులు తేల్చిన విషయం కూడా దీనికి దగ్గరగానే ఉందని తరువాత చదివినప్పుడు తెలిసింది.

నలభై మంది రిఫరీల పరీక్ష

సొంత మైదానంలో ఆడే జట్టుకు లాభం ఉందన్నది కేవలం నమ్మకం కాదు. ఇంగ్లండులోని పెద్ద లీగులో చాలా ఏళ్ళపాటు నూటికి సుమారు 45 ఆటలు సొంత జట్టే గెలిచేది. బయటినుంచి వచ్చిన జట్టు గెలిచేవి 30 లోపు. మిగిలినవి సమానం. అలవాటైన నేల, ప్రయాణపు అలసట లేకపోవడం, సొంత జనం – ఇలా కారణాలు అనేకం. వీటిలో జనం వాటా ఎంత అన్నదే ప్రశ్న.

2002లో నెవిల్, బామర్, విలియమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. లివర్‌పూల్ జట్టు తన సొంత మైదానంలో లీస్టర్ జట్టుతో ఆడిన ఒక ఆట వీడియోలోనుంచి 47 ఢీకొట్టుళ్ళను 40 మంది రిఫరీలకు చూపించారు. కొందరికి జనం అరుపులతో సహా, మిగిలినవారికి శబ్దం లేకుండా. బొమ్మ ఒకటే, తేడా శబ్దంలోనే. అరుపులు వింటూ చూసినవారు సొంత జట్టు మీద ఇచ్చిన ఫౌళ్ళు, నిశ్శబ్దంగా చూసినవారికంటే 15.5 శాతం తక్కువ!

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అరుపులు విన్నవారు వచ్చిన జట్టు మీద కొత్తగా ఫౌళ్ళు కల్పించలేదు. సొంత జట్టు మీద ఊదవలసిన చోట విజిల్ కాస్త వెనకాడింది. రిఫరీ లంచం తినలేదు, పక్షపాతి కాడు. రెప్పపాటులో తేల్చవలసినప్పుడు, కంటికి సందేహం మిగిలినప్పుడు, చెవి సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం మనం అరిచిందే.

ఖాళీ గ్యాలరీలు

ఈ ప్రయోగం గదిలో జరిగింది. నిజమైన మైదానంలో జనాన్ని తీసేసి చూడటం ఎవరికి సాధ్యం? 2020లో కరోనా వల్ల అదీ జరిగింది. ఆ సంవత్సరం మే 16న జర్మనీ లీగు ప్రేక్షకులు లేకుండా తిరిగి మొదలైంది. మొదటి రోజునే డార్ట్‌మండ్ జట్టు తన మైదానంలో షాల్కే జట్టుతో తలపడింది. అక్కడి దక్షిణపు స్టాండులో నిలబడి చూసేవారికే 24,454 చోట్లుంటాయి. ఆ జనం వేసుకునే రంగు వల్ల దాన్ని 'పసుపు గోడ' అంటారు. ఆ రోజు ఆ గోడంతా ఖాళీ. ఆటగాళ్ళ పిలుపులు, బంతి తన్నిన చప్పుడు టెలివిజన్‌లో స్పష్టంగా వినపడ్డాయి. అయినా డార్ట్‌మండే 4-0తో గెలిచింది. ఒక్క ఆటతో ఏదీ తేలదు గదా.

తరువాత అనేక దేశాలలో జరిగిన వందలాది ఆటలను లెక్కగట్టి చూశారు. మొత్తం మీద సొంత మైదానపు లాభం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అన్నిటికంటే స్పష్టంగా మారింది పసుపు కార్డుల లెక్క. జనం ఉన్నప్పుడు వచ్చిన జట్టుకు ఎక్కువ కార్డులు పడేవి. జనం లేనప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోయింది. అంటే మన కేకలు ఆటగాడి కాళ్ళకు కొంత బలమిస్తే ఇవ్వవచ్చు. విజిల్ పట్టుకున్న మనిషి మీద మాత్రం తప్పక పనిచేస్తాయి. మా నాన్న చెప్పిన ముల్లుగర్ర ఇదే కాబోలు.

మూడువందల మంది చాలు

"వాళ్ళవి వేలమంది పట్టే స్టేడియాలు, మనం మూడువందల మందిమి, మన అరుపు ఎంత?" అని ఎవరైనా అనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మనం ఫిజిక్సు తరగతిలో చదువుకున్న డెసిబెల్ పాఠంతో ఈ లెక్క వేసి చూద్దాం.

శబ్దం పుట్టించేవారు పది రెట్లయితే శబ్దస్థాయి 10 డెసిబెల్లు పెరుగుతుంది. వంద రెట్లయితే 20 డెసిబెల్లు. 300 మంది బదులు 30,000 మంది అరిస్తే పెరిగేది 20 డెసిబెల్లు అన్నమాట. ఇక దూరం సంగతి. దూరం రెట్టింపైతే శబ్దస్థాయి సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. పది రెట్లయితే 20 డెసిబెల్లు. పెద్ద స్టేడియంలో జనం సగటున 50 మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. మన మైదానానికి గ్యాలరీ లేదు, మనం గీత అంచునే ఉంటాం. గీత దగ్గర ఆట నడుస్తున్నప్పుడు రిఫరీకి మనకు 5 మీటర్లే ఎడం అనుకోండి. జనంలో వాళ్ళకు కలిసొచ్చిన 20 దూరంలో పోయింది. రెండూ సమానం!

ఇది స్థూలమైన లెక్క. మూడువందల మందీ ఒకేచోట ఉండరు, స్టేడియం పైకప్పు శబ్దాన్ని తిరిగి లోపలికే కొడుతుంది. అయినా సారాంశం మారదు. మన గీత పక్కన నిలబడ్డ రిఫరీ గారి చెవికి మనం చిన్న జనం కాదు.

అల ఎక్కడ మొదలవుతుంది?

1986లో మెక్సికోలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలతో ప్రేక్షకుల 'అల' లోకమంతా తెలిసింది. వరసగా లేచి, చేతులెత్తి కూర్చుంటుంటే అల స్టేడియం చుట్టూ తిరుగుతుంది. ఫార్కాష్, హెల్బింగ్, విచెక్ అనే శాస్త్రజ్ఞులు ఇటువంటి 14 అలల వీడియోలు పరిశీలించి 2002లో 'నేచర్' పత్రికలో రాశారు. ఆ అల సెకనుకు సుమారు 12 మీటర్లు, అంటే 20 సీట్లు, నడుస్తుందట. ఎక్కువగా గడియారం ముల్లు తిరిగే దిశలోనే పోతుందట. వారు చెప్పిన మరో విషయం నన్ను బాగా ఆకట్టుకుంది. యాభైవేల మందిని లేపే ఆ అల మొదలు కావడానికి కొద్ది డజన్ల మంది కలిసి లేస్తే చాలు.

లేచి కూర్చోవడానికి వర్తించినది బూతులకు, అబద్ధపు 'పెనాల్టీ' కేకకు వర్తించదా? ఆ రోజు మూడువందల మందిలో నిజం చూసినవాళ్ళు పదిమంది ఉంటారేమో. మిగిలినవాళ్ళు మమ్మల్ని నమ్మి అరిచారు. జనం తప్పు అని అనేస్తే ఎవరికీ తగలదు. మొదలుపెట్టినవాడికి మాత్రం తన పాలు తెలుసు.

కేక హద్దు దాటితే

అరుపు అరుపుతోనే ఆగితే ఒక ఆట పోతుంది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆడుతుండగా మైదానంలో రేగిన గొడవ గ్యాలరీకి పాకింది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని మలాంగ్ నగరంలో సొంత జట్టు 3-2తో ఓడింది. అవతలి జట్టు అభిమానులను ఆ ఆటకు రానివ్వనే లేదు. ఉన్నదంతా సొంత జనమే. కొందరు మైదానంలోకి దిగారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు, జనం గేట్ల దగ్గర ఇరుక్కుపోయారు. 135 మంది మరణించారు. స్టేడియాలలో బాష్పవాయువు వాడరాదని ఫుట్‌బాల్ ప్రపంచ సంస్థ నియమం ఉన్నా అది వాడారు. కాబట్టి నేరమంతా అభిమానులదే అనడం అన్యాయం. ద్వారాలు, కాపలా, ఏర్పాట్లు సరిగా లేకపోతే మంచి జనం కూడా నలిగిపోతారు.

జనం ఉన్నా గెలవని రోజు

జనమే అంతా అయితే బయటినుంచి వచ్చిన జట్టు ఎన్నడూ గెలవకూడదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఏషియన్ క్రీడల ఫైనల్లో భారత జట్టు దక్షిణ కొరియాతో ఆడింది. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన దేశపు ప్రతినిధి ఒకరు తప్పుపట్టినందుకు అక్కడి జనానికి మన మీద ఆగ్రహం. సుమారు లక్షమంది మనవాళ్ళను ఎగతాళి చేస్తూ అరిచారు. అదే పోటీలో అంతకుముందు కొరియా చేతిలో మనం 0-2తో ఓడి ఉన్నాం కూడా. అయినా ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు కొట్టగా 2-1తో స్వర్ణ పతకం గెలిచాం. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారు మన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయన మరుసటి ఏడాది కన్నుమూశారు. లక్షమంది అరుపును కూడా మంచి ఆట దాటగలదని ఆయన జట్టు చూపించింది. కాని మన మైదానానికి వచ్చిన ప్రతి కుర్రాడూ అంత బలం తెచ్చుకోవాలని కోరడం న్యాయం కాదు.

మనం చేయగలిగింది

ఆ పెనాల్టీ సంగతి ఆలస్యంగా మన పి.డి. గారికి చెప్పాను. "విజిల్ పడి ఆట తిరిగి మొదలైతే ఆ నిర్ణయం మార్చే అధికారం రిఫరీకే లేదోయ్. నువ్వు చెప్పవలసిన సమయం అరవక ముందు" అన్నారు. ఆ మాట గుర్తుంచుకుని విద్యార్థి సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను.

ఒకటి: ప్రేక్షకుల కోసం టచ్ లైనుకు 5 మీటర్ల అవతల సున్నంతో మరో గీత గీయించాలి. 5 మీటర్లు 10 అయితే గీత దగ్గరున్న రిఫరీ చెవికి 6 డెసిబెల్లు తగ్గుతాయి. ఖర్చు ఒక బస్తా సున్నం.

రెండు: మన ఆటగాళ్ళ పేర్లు పెట్టి ఎంతైనా అరుద్దాం. రిఫరీకి తీర్పు మాత్రం చెప్పవద్దు.

మూడు: ముందు వరసలో నిలబడే ముప్పైమంది సీనియర్లే బాధ్యత తీసుకోవాలి. అల వాళ్ళ దగ్గరే పుడుతుంది, వాళ్ళ దగ్గరే ఆగుతుంది.

ఆ తమ్ముడి పేరు నాకు తెలియదు. అతని కళాశాల జట్టు కెప్టెన్ పేరిట ఒక ఉత్తరం రాశాను: "ఆ రోజు మీ ఫుల్ బ్యాకు కాలు బంతికే తగిలింది. నేను చూశాను. చూసి కూడా అరిచాను." జవాబు రాలేదు. రావలసిన అవసరమూ లేదు. ఆ జట్టు మళ్ళీ మన మైదానానికి వచ్చిన రోజున నేను యథాప్రకారం గీత పక్కనే ఉంటాను, గొంతు పోయేదాకా అరుస్తాను. ఈసారి ఎవరైనా వచ్చి "మీరు చూశారుగా అన్నా" అని అడిగితే చూసింది చూసినట్టు చెబుతాను.