నీలి వెలుగు

బ్రెజిల్ దేశంలో గోయానియా అనే నగరం ఉంది. అక్కడి వైద్యశాల ఒకటి 1985 ప్రాంతంలో వేరేచోటికి తరలిపోయింది. కాన్సర్ చికిత్సకు వాడే యంత్రం ఒకటి పాత భవనంలోనే మిగిలిపోయింది. దాని దళసరి లోహపు కవచం లోపల సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. భవనం పాడుపడింది.

1987 సెప్టెంబరులో ఇద్దరు యువకులు ఆ యంత్రభాగాన్ని ఊడదీసి, పాత ఇనుప సామాను వ్యాపారికి అమ్మారు. అందులోని పదార్థం చీకటిలో నీలంగా వెలుగుతూ ఉంటే అతడు ముచ్చటపడి బంధువులకు, ఇరుగుపొరుగువారికి చూపించాడు. కొందరు ఆ పొడిని ఒంటికి రాసుకొన్నారు. కొందరు ఇళ్ళకు పట్టుకుపోయారు. ఆరేళ్ళ బాలిక ఒకతె పొడి అంటిన చేతులతోనే తిండి తిన్నది.

కొద్దిరోజులలోనే పలువురికి వాంతులు, విరేచనాలు పట్టుకొన్నాయి. ఇందరు ఒక్కసారి జబ్బుపడడానికి ఆ వస్తువే కారణమని వ్యాపారి భార్య గ్రహించింది. దానిని సంచిలో పెట్టించి ఆరోగ్యాధికారుల వద్దకు చేర్చింది. మరునాడు ఒక భౌతికశాస్త్రవేత్త పరికరంతో పరీక్షించగా నిజం బయటపడింది. అందరినీ హెచ్చరించిన ఆ ఇల్లాలు, ఆ బాలిక, మరి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. సుమారు 1,12,000 మందిని పరీక్షించగా, 249 మందికి ఆ పదార్థం అంటినట్లు తేలింది.

రేడియోధార్మిక పదార్థం కాల్చినా, కడిగినా నశించదు. కడిగిన నీరు కూడా వ్యర్థమే అవుతుంది. కనుక దానిని పోగుచేసి, మూసి, కాపాడడమే మార్గం. గోయానియాలో ఏడు ఇళ్ళు కూల్చారు. మట్టిని తవ్వి తీసి, పీపాలలోను పెట్టెలలోను నింపారు. సుమారు 93 గ్రాముల పొడి వల్ల ఏర్పడిన వ్యర్థం దాదాపు 3,500 ఘనపు మీటర్లు! దానిని సమీపంలోని అబాదియా డి గోయాస్ వద్ద కాంక్రీటు కట్టడాలలో భద్రపరచి, పైన మట్టి కప్పారు. అక్కడి నేలను, నీటిని పరీక్షిస్తూ వస్తున్నారు.

సీజియం-137 సుమారు 30 ఏళ్ళకు సగమవుతుంది. మరో 30 ఏళ్ళకు ఆ సగంలో సగం మిగులుతుంది. 300 ఏళ్ళు గడిస్తే దాదాపు వెయ్యోవంతు మిగులుతుంది. అంటే, తాతలు మూసిన పెట్టెలకు మునిమనుమలు, వారి మునిమనుమలు కూడా కాపలా కాయాలి. అందుకే ఎక్కడ ఏమి దాచారో వ్రాసి ఉంచాలి. పనికిరాని యంత్రాన్ని సైతం బాధ్యత గలవారికి అప్పగించాలి.

పసుపుపచ్చని పలకపై మూడు రెక్కల నల్లని గుర్తు ఉన్న వస్తువు ఎక్కడైనా కనిపిస్తే తాకరాదు. దూరంగా తొలగి, వెంటనే పెద్దలకు, పోలీసులకు తెలపాలి.

ఆలోచించి చెప్పండి

1. గోయానియా ప్రమాదాన్ని ఏ దశలో, ఎవరు ఆపగలిగి ఉండేవారు?
2. 90 ఏళ్ళకు సీజియం-137 ఎన్నోవంతు మిగులుతుంది?