కుంటనీటి పరీక్ష: అంకెలను చదువు విధము

అమ్రాబాదు పీఠభూమిమీది కుంటలును చెఱువులును వానపై నాధారపడినవి. వఱద వచ్చినపుడు నిండును. వేసవిలో దినదినము తఱుగును. నీరు తఱిగినను అందలి చేపలు తఱుగవు. పైగా పెరిగి బరువెక్కును. కావున చేపలకు గండము మండుటెండల కాలముననే యెక్కువ. 2016లో తెలంగాణ ప్రభుత్వము చెఱువులందు ఉచితముగ చేపపిల్లలను విడుచు పథకము నారంభించిన పిదప బొచ్చె, రోహు, మృగాల చేపలపై మన సభ్యులకును ఆశ పెరిగినది. నీటిని పరీక్షించు చిన్న పెట్టెలు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. పెట్టె కొనుట సులభమే; అది చూపు రంగునకు అర్థము చెప్పుటయే కష్టము. ఆ కష్టమును మేమును పడితిమి గనుక మొదట మా పొరపాటునే చెప్పెదము.

మా పొరపాటు

ఒక వేసవిని ఒక రైతు కుంటకు మధ్యాహ్నము రెండు గంటలకు పోయి నీటిని పరీక్షించితిమి. లీటరు నీటికి ప్రాణవాయువు 10 మిల్లీగ్రాములు, అమ్మోనియా 1 మిల్లీగ్రాము, పీహెచ్ 9 అని తేలెను. ప్రాణవాయువు సమృద్ధిగ నున్నదని సంతసించి, భయము లేదు, మేత వేయుడని చెప్పి వచ్చితిమి. మూడవనాడు మబ్బు పట్టెను. నాల్గవనాటి వేకువను చేపలు నోళ్లు తెఱచుకొని నీటిపైకి వచ్చెను. ప్రొద్దు పొడుచునప్పటికి పెద్దవి అనేకము వెల్లకిల తేలెను. ఆ రైతు మమ్ము దూషింపలేదు. “మీరు చూసిన నీళ్లే గద సారూ” అని మాత్రము అనెను. ఆ మాట నేటికిని మాకు గుర్తున్నది. పరీక్ష తప్పు కాదు. మేము చదివిన తీరు తప్పు.

పరీక్షించిన వేళ

కుంటనీటికి పచ్చదన మిచ్చునది సూక్ష్మమైన నాచు. అది పగటివేళ ఎండ సాయమున బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని ప్రాణవాయువును విడుచును. రాత్రియందు అదియు చేపలవలెనే ప్రాణవాయువును తినివేయును. అందుచేత మధ్యాహ్నము తరువాత ప్రాణవాయువు అత్యధికము. తెల్లవారుటకు ముందు అత్యల్పము. బొగ్గుపులుసు గాలి తఱిగినకొలది పీహెచ్ హెచ్చును. ఇట్లగుటచే మేము చూచిన 10యును 9యును కుంట ఆరోగ్యమునకు గుర్తులు కావు. నాచు మితిమీరినదనుటకు గుర్తులు. మబ్బుపట్టిన దినమున అది ప్రాణవాయువును చాలినంత చేయలేదు. రాత్రి తినుట మాత్రము మానలేదు.

కావున ప్రాణవాయువును సూర్యోదయమునకు ముందు చూడవలెను. 5 మిల్లీగ్రాములును ఆపైనను ఉన్న మేలు. 3కు తగ్గిన చేపలు బాధపడును. 1కి దిగిన చావునకు సిద్ధము. వేడినీరు ప్రాణవాయువును తక్కువగ పట్టుకొనును: 20 డిగ్రీలయొద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీలయొద్ద సుమారు ఏడున్నర మాత్రమే యిముడును. పెట్టె లేనివారు తెల్లని పళ్లెమును త్రాడుకు కట్టి నీటిలోనికి దింపవలెను. జానెడు లోతునకు ముందే అది కనబడకపోయి, నీరు బురదగాక పచ్చగ నున్నయెడల, నాచు మితిమీరినదని యెఱుగవలయును.

పీహెచ్‌తో కలిపి అమ్మోనియా

పీహెచ్ అను లెక్కను 1909లో డెన్మార్కు దేశీయుడగు సారెన్‌సెన్ ఏర్పఱచెను. 7 సమస్థితి, అంతకు తక్కువ పులుపు, ఎక్కువ క్షారము. ఒక్కొక్క మెట్టునకు పదిరెట్లు భేదము. చేపలకు ఆరున్నర మొదలు ఎనిమిదిన్నరవఱకు అనుకూలము.

అమ్మోనియా చేపల విసర్జనమునుండియు, మిగిలి క్రుళ్లిన తవుడు, వేరుసెనగ చెక్కలనుండియు పుట్టును. పరీక్షపెట్టె మొత్తము అమ్మోనియాను చూపును. అందు విషమగు భాగమెంతయో పీహెచ్ నిర్ణయించును. 30 డిగ్రీల వేడిమియందు పీహెచ్ 7 అయినచో నూటికి ఒక పాలైనను విషము కాదు. 8 అయినచో సుమారు ఏడున్నర పాళ్లు. 9 అయినచో సుమారు నలుబదియైదు పాళ్లు. మా కుంటలోని 1 మిల్లీగ్రాము అమ్మోనియాలో ఇంచుమించు సగము విషమై యుండెను. రెండంకెలను విడివిడిగ చూచితిమి, కలిపి చూడలేదు.

ఇచ్చట నొక హెచ్చరిక. చేపలు చచ్చుచున్నవనగానే కొందఱు సున్నము చల్లుదురు. పులుపెక్కిన నీటికి సున్నము మంచిదే. అమ్మోనియా యున్న నీటికి కాల్చిన సున్నము వేసినచో పీహెచ్ పెరిగి విషమే పెరుగును. పీహెచ్ చూడక సున్నము ముట్టరాదు.

నైట్రైటు

నేలయందువలె నీటియందును సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, దానిని నైట్రేటుగను మార్చును. 1890లో రష్యా దేశీయుడగు వినొగ్రాడ్‌స్కీ ఈ జీవులను వేఱుచేసి చూపెను. నైట్రైటు నిలిచిపోయిన చేప నెత్తురు గోధుమవన్నె కెక్కి ప్రాణవాయువును మోయజాలదు. దీనికి ఉప్పు విఱుగుడు: నైట్రైటునకు పదిరెట్లు క్లోరైడు ఉండవలెను. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీరు గల కుంటలో 800 ఘనమీటర్ల నీరుండును. నైట్రైటు 1 మిల్లీగ్రామైనచో క్లోరైడు 8 కిలోలు కావలెను. ఉప్పులో క్లోరైడు నూటికి అఱువది పాళ్లు గనుక ఉప్పు సుమారు 13 కిలోలు.

ఇంట గాజుపెట్టెలో రంగుచేపలను పెంచు పిల్లలకును ఇదియే పాఠము. క్రొత్త పెట్టెలో ఈ జీవులు కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు చేపలు కొద్దిగ, మేత కొద్దిగ ఉండవలెను. క్లోరిను కలిపిన కుళాయినీటితో వడపోత స్పంజిని కడిగినచో ఆ జీవులు నశించును.

అంకెను నమ్మలేనపుడు

1. మందు చెడినదేమో చూడుడు. గ్లాసెడు మంచినీటిలో నిలువయున్న గోమూత్రపు చుక్కలు కొన్ని వేసి పరీక్షించుడు. అమ్మోనియా రంగు రాకున్న మందు పనికిరాదు.
2. రంగు పట్టీలోని కడపటి రంగును మించినచో, నీటికి సమముగ శుద్ధజలము కలిపి మరల పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేయుడు.
3. బోరునీటి పీహెచ్ తోడిన వెంటనే తక్కువగ చూపవచ్చును. ఒక దినము గాలికి ఉంచి మరల చూడుడు.
4. రంగును దీపపు వెలుగున గాక పగటి నీడపట్టున పోల్చుడు.

చేపలు నోరు తెఱచుకొని పైకి వచ్చిన వేకువను పరీక్షకై కాలయాపన చేయరాదు. మేతయు పేడయు ఆపి, బోరునీటిని ఎత్తునుండి తుంపరగా పడునట్లు విడువవలెను. బోరునీటిలో ప్రాణవాయువు స్వల్పము గనుక గాలి తగిలియే పడవలెను. పిదప కొన్ని చేపలను పట్టి అమ్మి బరువు తగ్గింపుడు.

ప్రతి పరీక్షకును తేది, గంట, ఎండయో మబ్బో, ఆ దినమున వేసిన మేత యెంతో పుస్తకమున వ్రాసికొనుడు. గంట వ్రాయని అంకె సగము అంకెయే. ఆ రైతు మరల పిల్లలను విడిచినాడు. ఈ మాఱు మేము వేకువజామున పోవుచున్నాము.