సిగ్నల్ లేని చోట వైద్య సలహా: ఆఫ్‌లైన్ ఏఐలో అవకాశాలు

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతంలో ఆశా కార్యకర్తల కోసం ఖుషీ బేబీ సంస్థ, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి ఆశాబాట్‌ను తయారుచేశాయి. వాట్సాప్‌లో ప్రశ్న అడిగితే జవాబిస్తుంది. తనకు తెలియకపోతే ఏఎన్‌ఎంలను అడిగి చెబుతుంది. మంచి ఏర్పాటే, కానీ నెట్ ఉండాలి. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో కొండ మీది గూడేలకు వెళ్లే ఆరోగ్య సిబ్బందికి చాలాచోట్ల సిగ్నలే అందదు. అలాంటి చోట ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఇంటర్నెట్ లేకుండా జవాబిచ్చే సాధనాలు ఇప్పుడు సాధ్యమవుతున్నాయి. వాటిని తయారుచేసేవాళ్లు, అంతకంటే ముఖ్యంగా సరిచూసేవాళ్లు కావాలి.

2023 మార్చిలో జార్జి గెర్గనోవ్ లామా.సీపీపీ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాక మామూలు ల్యాప్‌టాప్‌లో భాషా మోడళ్లను నడపడం తేలికైంది. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌కు ఒక్కో పారామీటర్‌ను 16 బిట్లలో దాస్తే సుమారు 14 జీబీ మెమరీ కావాలి. 4 బిట్లకు కుదిస్తే 4 జీబీ దగ్గర సరిపోతుంది. ఈ కుదింపునే క్వాంటైజేషన్ అంటారు. వైద్యం కోసమే తీర్చిదిద్దిన ఓపెన్ మోడళ్లూ ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ 2023లో మెడిట్రాన్‌ను, గూగుల్ 2025లో మెడ్‌జెమ్మాను ఇచ్చాయి.

అలాగని మందు మోతాదును మోడల్ జ్ఞాపకశక్తికి వదిలేయలేం. అందుకే ర్యాగ్ పద్ధతి వాడతారు. చికిత్సా మార్గదర్శకాలను చిన్న చిన్న ముక్కలు చేసి పరికరంలోనే దాచిపెడతారు. ప్రశ్న రాగానే దానికి సరిపడే ముక్కలను వెతికి, వాటి ఆధారంగానే మోడల్‌తో జవాబు రాయిస్తారు. అసలు చిక్కు ఈ ముక్కల దగ్గరే ఉంది.

తీవ్ర మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్‌నే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మోతాదు 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు, ఆపై బరువున్నవారికి కిలోకు 2.4. పిల్లల మోతాదు ఒక ముక్కలో, మిగతావారిది ఇంకో ముక్కలో పడిందనుకుందాం. 12 కిలోల బిడ్డకు ఎంత ఇవ్వాలని స్టాఫ్ నర్సు అడిగితే, రెండో ముక్క మాత్రమే దొరికిన సాధనం 28.8 మిల్లీగ్రాములని ధీమాగా చెప్పేస్తుంది. ఇవ్వాల్సింది 36. ప్రోగ్రామ్ ఏ ఎర్రర్‌నూ చూపించదు. ఈ తప్పును పట్టుకునేది నర్సింగో ఫార్మసీయో చదివిన మనిషే.

కాబట్టి బీఎస్సీ నర్సింగ్, ఫార్మ్‌డీ, ఎంబీబీఎస్ విద్యార్థులు ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల వ్యవహారమని పక్కన పెట్టొద్దు. ఈ రంగానికి వాళ్ల అవసరమే ఎక్కువని నా గట్టి నమ్మకం. ఏ ప్రశ్నలతో పరీక్షించాలి, ఏ జవాబు ప్రమాదకరం, ఎక్కడ ‘నాకు తెలియదు, డాక్టర్‌ను అడగండి’ అనాలి... ఇవన్నీ తేల్చాల్సింది వాళ్లే. పైథాన్ ప్రాథమికాంశాలు వస్తే చాలు, స్వయం, ఎన్‌పీటెల్ కోర్సులతో నేర్చుకోవచ్చు. మన దేశంలో రోగ నిర్ధారణకు, చికిత్సకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ వైద్య పరికరాల నిబంధనలు–2017 కిందకు వస్తుంది. ఫార్మసీ వాళ్లు ఈ నిబంధనల మీద పట్టు సాధిస్తే రెగ్యులేటరీ ఉద్యోగాలకూ దారి దొరుకుతుంది.

బీటెక్ వాళ్లు ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా ఇలాంటి ఆఫ్‌లైన్ సాధనాన్నే ఎంచుకోవచ్చు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, చిన్న మోడల్, కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచురించిన మార్గదర్శకాలు చాలు. మలేరియానో పిల్లల విరేచనాలో, ఒక్క అంశమే తీసుకోండి. ప్రతి జవాబు కింద మూల పత్రం పేజీ నంబరు కనిపించాలి. నర్సింగ్ కాలేజీలో చదివే స్నేహితురాలిని కూర్చోబెట్టి వంద ప్రశ్నలు రాయించండి, జవాబులూ ఆమెతోనే దిద్దించండి. రోగుల వివరాలు వాడొద్దు. తెలుగులో అడిగితే ఎలా పనిచేస్తుందో విడిగా కొలవండి, చిన్న మోడళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. ప్రశ్నను టైప్ చేయకుండా నోటితో అడిగేలా చేయాలంటే, మాటను అక్షరాల్లోకి మార్చడానికి ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ ఓపెన్ మోడళ్లు అందుబాటులో ఉన్నాయి.

ఫ్రెషర్లకు ఆఫ్‌లైన్ వైద్య ఏఐ అనే పేరుతో ఉద్యోగ నోటిఫికేషన్లు అరుదు. ఎడ్జ్ ఏఐ, ఆన్‌డివైస్ ఎంఎల్, క్లినికల్ ఎవాల్యుయేషన్, డిజిటల్ హెల్త్ అనే మాటలతో వెతకండి. నెట్ లేకున్నా పనిచేసే కామ్‌కేర్ యాప్‌ను రూపొందించిన దిమాగీ, ముంబయిలోని వాధ్వానీ ఏఐ లాంటి సంస్థల కెరీర్ పేజీలు చూస్తూ ఉండండి. రెజ్యూమెలో మోడల్ పేరు కంటే ముందు, వంద ప్రశ్నల్లో ఎన్నింటికి తప్పు జవాబు వచ్చింది, ఎందుకు వచ్చింది, వాటిలో ఎన్నింటిని సరిచేశారో రాయండి.