చరిత్ర పాఠము: ఇంటి గాథ, రాతి సాక్ష్యము

ఇంట తాతగారు చెప్పు బసవేశ్వరుని కథ రాత్రులకొలది సాగును. బడిలో పాఠ్యపుస్తకము అదే మహనీయుని గూర్చి కొన్ని పంక్తులలో చెప్పి ముగించును. ఒకచోట విన్నది మరియొకచోట కానరానప్పుడు బాలునకు సందేహము కలుగుట సహజము: "ఇందులో ఏది నిజము?" ఉపాధ్యాయుడు ఇంటి కథను హేళన చేసినచో బాలుడు ఇంటికి దూరమగును. ఇంటి కథయే చాలునని పెద్దలు పట్టుబట్టినచో విద్యకు దూరమగును. ఈ రెండు దోషములును లేని మార్గమొకటి కలదు. దానిని పరిశీలించుటయే ఈ పాఠమున కుద్దేశము.

1. స్వగ్రామమునుండి ఆరంభము

ఉన్నత పాఠశాలలో చరిత్ర ప్రత్యేక విషయము కాదు. భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రములతో కలసి సాంఘిక శాస్త్రమను పేర ఒకే ఉపాధ్యాయుని చేతిలో నుండును. పరీక్షలు దగ్గరపడుకొలది రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు మాత్రమే మిగులును. అవి కంఠస్థమగును, పరీక్ష ముగిసిన మరునాడు మరపునకు వచ్చును. చరిత్ర తన ఇంటి గడపవరకు వచ్చినదని బాలుడు తెలిసికొననంతకాలము ఈ దుస్థితి తప్పదు.

మేడ్చలు దాటిన పిదప నాగపూరు రహదారిపైనున్న అత్వెల్లినే ఉదాహరణముగా గ్రహింతము. 1945 ప్రాంతమున అచ్చట జన్మించి, ఊరు విడువక జీవించిన వృద్ధు నొకనిని ఊహింపుడు. అతడు పుట్టినది నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమున. 1948 సెప్టెంబరు 17న ఆ ఏలుబడి అంతమొందెను. 1956 నవంబరు 1న అతని ఊరు ఆంధ్రప్రదేశమున చేరెను. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడెను. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమాయెను. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వచ్చెను. అతని ముంగిట సాగు రహదారి సంఖ్య సైతము 7 నుండి 44గా మారెను. ఆ వృద్ధుడు ఇల్లు మారలేదు, మారినది చరిత్ర.

ఈ తేదీలను పుస్తకమునుండి చదివించుటకంటె ఇండ్లలోని పాత కాగితములనుండి వెదకించుట మేలు. ఉర్దూలో వ్రాసిన భూమి పత్రము, పహాణీ నకలు, తాతగారి బడి సర్టిఫికెటు, పాత రేషను కార్డు, ఇవన్నియు సాక్ష్యములే. అసలు కాగితము ఇంటనే భద్రముగా నుంచి నకలు మాత్రము బడికి తెప్పింపవలెను. ప్రతి కాగితమునకును మూడు ప్రశ్నలు వేయించవలెను: దీనిని ఎవరు వ్రాసిరి? ఎప్పుడు వ్రాసిరి? ఏ పనికై వ్రాసిరి? చరిత్ర విద్యకు ఈ మూడు ప్రశ్నలే ఓనమాలు.

2. కీసరగుట్ట చెప్పు రెండు సంగతులు

అదే జిల్లాలోని కీసరగుట్టకు శివరాత్రి జాతరకు పోని పిల్లలు అరుదు. శ్రీరాముడు లింగప్రతిష్ఠ చేయదలచెననియు, కాశినుండి లింగములను తెచ్చుటలో ఆంజనేయుడు ఆలస్యము చేసెననియు, అవి ప్రతిష్ఠకు నోచుకొనకపోగా కోపించి గుట్టపై చల్లెననియు స్థలపురాణము. అచ్చట ఆరుబయట కనబడు లింగములను చూపి పెద్దలు ఈ గాథను చెప్పుదురు.

అదే గుట్టపై పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడములను వెలికితీసిరి. ఒక రాతిగుండుపై రాతిని తొలుచువారు అను అర్థమిచ్చు తెలుగు మాట ప్రాచీన లిపిలో చెక్కబడియున్నది. తెలుగు మాటలకు లభించిన మిక్కిలి పాత సాక్ష్యములలో అది యొకటి. అది రాజుగారి బిరుదము కాదు. దానమును ప్రకటించు ప్రశస్తి కాదు. ఉలి పట్టి పనిచేసినవారి పేరు. కాయకమును కైలాసమని భావించు కుటుంబముల పిల్లలకు ఇంతకంటె ఆత్మీయమైన చరిత్ర పాఠము వేరొకటి యుండునా?

స్థలపురాణము ఆ గుట్టపై జనులకు భక్తి ఎట్లు నిలిచినదో చెప్పును. రాయి అచ్చట ఎవరు పనిచేసిరో చెప్పును. ప్రశ్నలు వేరు గనుక సమాధానములును వేరు. ఈ భేదము తెలిసిన బాలుడు గాథను కాదనడు, రాతిని విడువడు.

3. కల్యాణ వృత్తాంతము

ఇక కఠినమైన ఘట్టము. 12వ శతాబ్దమున కలచురి బిజ్జలుడు కల్యాణమున ఏలినాడు. బసవేశ్వరుడు అతని కొలువున ఉన్నత పదవి నిర్వహించెను. ఆ కల్యాణము నేడు కర్ణాటకమునందలి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు బీదరును, మేడ్చలును ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుండినవి. కావున అది అత్వెల్లి పిల్లలకు పరాయి దేశపు కథ కాదు.

బిజ్జలుని అంత్యము గూర్చి రచనలు ఏకీభవింపవు. పాలకురికి సోమనాథుని బసవపురాణము శరణులకు జరిగిన హింసకు ప్రతిగా జగదేవుడు మున్నగువారు అతనిని వధించిరని చెప్పును. జైనుల రచన విషప్రయోగమని చెప్పును. ఒక్కొక్కరు తమ వారి బాధను తమ కన్నులతో చూచిరి. ఉపాధ్యాయుడు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి, ముందు చెప్పిన మూడు ప్రశ్నలనే మరల వేయించవలెను.

మరియొక ఉదంతము. 19వ శతాబ్ది చివర శాసన పరిశోధకుడు ఫ్లీటు అబ్లూరు శాసనములందు ఏకాంతద రామయ్య వృత్తాంతమును చదివెను. సమకాలిక శాసనములలో బసవేశ్వరుని పేరు కానరాకపోవుటచే శైవోద్ధరణ గౌరవమును రామయ్యకే ఆపాదించెను. పిమ్మట 1260 నాటి అర్జునవాడ శాసనమున బసవేశ్వరుని ప్రసక్తి లభించినది. సాక్ష్యము దొరకలేదనుట ఒకటి, సంగతి జరుగలేదనుట వేరొకటి అని దీనివలన తెలియుచున్నది. అయితే ఆ శాసనము శతాబ్దము పిమ్మటిది. గాథలోని ప్రతి ఘట్టమునకు అది సాక్షి కాదు. ఉన్నంతవరకే చెప్పుట, లేనిదానిని చేర్చకుండుట చరిత్రకారుని నియమము. అసత్యమాడరాదని బోధించిన మహాత్ముని చరిత్రను చెప్పునప్పుడు ఈ నియమము మరింత అవసరము.

4. పురాణమును సాక్ష్యమే

పురాణము చరిత్రకు పనికిరాదను భ్రాంతియు కూడదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో కాకతీయుల నాటి జనజీవనమును వర్ణించుటకు సోమనాథుని కృతులను విరివిగా ఉపయోగించుకొనిరి. నాటి ఆటపాటలు, వేషభాషలు, జాతరలు, భోజనములు రాజశాసనములలో అంతగా దొరకవు. సామాన్యుల నడుమ తిరిగిన కవి వాక్కులో దొరకును. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. తెలుగున అదియే మొదటిది. ఇంటిలోని ద్విపద గ్రంథము బడిలోని చరిత్రకు తోడైన తీరు ఇది.

ఉపసంహారము

బాలుడు బడినుండి వచ్చి "ఇది నిజమేనా?" అని ప్రశ్నించినప్పుడు తల్లిదండ్రులు కోపింపరాదు. "నీవెట్లు తెలిసికొందువు?" అని ఎదురు ప్రశ్నింపవలెను. మఠములలోని తాళపత్రములను, పాత లెక్కల చిట్టాలను చెదలపాలు గాకుండ కాపాడి, పిల్లలకు చూపవలెను. అనుభవమంటపమున ప్రశ్నకు పీట వేసిరని సంప్రదాయము చెప్పుచున్నది. తరగతి గదిలో ఆ పీటను తీసివేయుట తగదు.

అభ్యాసము

1. మీ ఇంటిలోని అన్నిటికంటె పాత కాగితము ఏది? దానిని ఎవరు, ఎప్పుడు, ఏ పనికై వ్రాసిరి?
2. మీ ఊరి గుడిని గూర్చి పెద్దలు చెప్పు గాథ ఒకటి వ్రాయుడు. అచ్చట కంటికి కనబడు సాక్ష్యములను విడిగా వ్రాయుడు.
3. ఒకే సంఘటనను ఇద్దరు వేర్వేరుగా చెప్పినచో ఇరువురును అసత్యమాడిరని అనవచ్చునా? కారణములతో చర్చింపుడు.