టీసీ చేతికి తీసుకోకముందు: బడా, ఓపెన్ స్కూలా?

పదో తరగతి ఫలితాలొచ్చిన వారం సింహాద్రిపురం మండలంలో చాలా ఇళ్లలో నడిచే చర్చే ఇది. తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేవి, వాటికి జవాబులు కింద ఉన్నాయి.

మా పిల్లోడు తొమ్మిదిలో ఉన్నాడు. బడి మానిపించి ఓపెన్‌లో పది కట్టిస్తే ఏడాది కలిసొస్తుంది కదా?

నిబంధన ఒప్పుకుంటుంది. ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండితే సార్వత్రిక విద్యాపీఠంలో పదికి చేరొచ్చు. అయినా వద్దనే చెబుతాను. మనకు దగ్గర్లోనే, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. అందులో సీటు పది మార్కుల మీదే ఇస్తారు. అయితే పది రెగ్యులర్‌గా చదివి, మొదటిసారికే పాసై ఉండాలి. సర్కారు బడి పిల్లలకు అదనంగా 4 శాతం కలుపుతారు. టీసీ తీసుకున్న రోజే ఆ దారి మూసుకుపోతుంది. మధ్యాహ్న భోజనం, రోజూ పాఠం చెప్పే అయ్యవారు, పక్కన కూర్చునే స్నేహితులు కూడా ఉండరు. ఓపెన్‌లో తరగతులు సెలవు రోజుల్లోనే జరుగుతాయి. మిగతా చదువంతా పిల్లోడు ఒంటరిగా సాగించాలి. పద్నాలుగేళ్లవాడికి అది చాలా బరువు.

అమెరికాలోనూ ఇలాంటి పరీక్ష ఉంది, జీఈడీ అంటారు. 1942లో సైనికుల కోసం మొదలైంది. అది పాసైనవాళ్ల సంపాదన బడి పూర్తి చేసినవాళ్ల సంపాదనతో సమానంగా లేదని ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ పరిశోధనలో తేలింది. ఓర్పు, వేళకు పని చేసే అలవాటు బడిలో రోజూ కూర్చుంటేనే వస్తాయన్నది నా నమ్మకం కూడా.

మరి ఓపెన్ సర్టిఫికెట్ చెల్లదంటారే?

చెల్లుతుంది. మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ 1991 నుంచీ ఉంది. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరొచ్చు, సర్కారు ఉద్యోగాలకు దరఖాస్తు చేయొచ్చు. పాలిటెక్నిక్‌కు వెళ్లాలనుకుంటే మాత్రం సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే లెక్కలు తీసుకోవాలి. తేలికని వదిలేసి తర్వాత ఏడ్చి లాభం లేదు. గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల్లో ఇంటర్ చదివినవాళ్లు నీట్ రాయొచ్చని 2024లో తేలిపోయింది.

పదిలో లెక్కలు, సైన్సు పోయాయి. ఓపెన్‌కే వెళ్లాలా?

ముందు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాయించండి. అది కూడా పోతే బడిలోనే మళ్లీ రెగ్యులర్‌గా చేర్చుకుంటారేమో హెడ్మాస్టరును అడగండి. 2023లో ప్రభుత్వం అలాంటి వీలు కల్పించింది. రెండూ కుదరకపోతే అప్పుడు ఓపెన్. ఒకసారి నమోదైతే ఐదేళ్లు చెల్లుతుంది, సబ్జెక్టులు విడివిడిగా రాసుకుంటూ పోవచ్చు.

చీనీ తోటల్లో పని చేసుకుంటూ చదువుకోకూడదా?

14 ఏళ్ల లోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరం. తోట కాకుండా గని పనైతే 18 నిండేదాకా దింపకూడదు. బండల గనికైనా ఇదే చట్టం.

మా అమ్మాయి ఎనిమిదితో ఆగిపోయింది. సంబంధాలొస్తున్నాయి.

18 నిండకుండా పెళ్లి చేస్తే చట్టరీత్యా నేరం. చదువు ఆగిన ఆడపిల్లల కోసమే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. తిండి, వసతి, చదువు అన్నీ ఉచితం. ముందు అక్కడ సీటు అడగండి. ఇప్పటికే పెళ్లై, చంటిబిడ్డ చేతిలో ఉన్న అమ్మాయికైతే ఓపెన్ స్కూలే సరైన దారి. అసలు అది ఇలాంటివాళ్ల కోసమే. పేరు నమోదు చేయించడానికి అత్తగారింటివాళ్లు కూడా తోడు రావాలని నా కోరిక.

ఏడాదిలో పదీ ఇంటరూ పాస్ చేయిస్తామని ఒకాయన డబ్బడుగుతున్నాడు.

ఇవ్వొద్దు. పది పాసయ్యాక రెండేళ్లు గడవనిదే ఓపెన్‌లో ఇంటర్ పూర్తి కాదు. ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకోండి. పిల్లోడి బదులు ఇంకొకరు పరీక్ష రాస్తారంటే, పట్టుబడి కేసు పాలయ్యేది పిల్లోడే.

ఆరు నెలలుగా బడికి పోలేదు. మళ్లీ రానిస్తారా?

6 నుంచి 14 ఏళ్ల వయసుంటే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆ మాటే చెబుతోంది. టీసీ ఆలస్యమైందని తిప్పి పంపకూడదు. అంతకన్నా పెద్దవాడైతే, పేరు ఇంకా రిజిస్టరులో ఉందేమో రేపు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి కనుక్కోండి.