పవళింపు సేవ - సుఖనిద్ర

చరకమహర్షి తన సంహితలోని సూత్రస్థానమున ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని దేహమునకు ఉపస్తంభములని చెప్పెను. ఇంటి కప్పునకు స్తంభములెట్టివో దేహమునకీ మూడును అట్టివి. గీతాచార్యుడును ఆరవ అధ్యాయమున, అతిగా నిద్రించువానికి గాని బొత్తిగా నిద్ర మానినవానికి గాని యోగము సిద్ధింపదని హెచ్చరించెను. కావున నిద్రను గూర్చిన విచారము కేవల లౌకికమని త్రోసివేయదగినది కాదు.

నిద్ర యెట్లు వచ్చును? మనస్సు అలసి, ఇంద్రియములును అలసి, తమ తమ విషయములనుండి మరలినప్పుడు మానవుడు నిద్రించునని చరకుని నిర్ణయము. ఇందు మరలుట అనునదే ముఖ్యము. దేహమెంత అలసినను మనస్సు విషయమును పట్టుకొని విడువనిచో కన్ను మూతపడదు. దీనికి భారతమున ధృతరాష్ట్రుడే నిదర్శనము. పాండవుల కడకు రాయబారమేగి వచ్చిన సంజయుడు రాజును నిందించి, వారి సందేశమును మరునాడు సభలో చెప్పెదనని వెడలిపోయెను. ఆ రాత్రి రాజునకు నిద్ర పట్టలేదు. విదురుని పిలిపించెను. బలవంతుని చేత చిక్కిన దుర్బలునకు, సర్వస్వము కోల్పోయినవానికి, కామికి, దొంగకు నిద్ర రాదని చెప్పి, పరుల ధనమునకు ఆశపడి తపించుటలేదు గదాయని విదురుడు సూటిగా ప్రశ్నించెను. హస్తినాపుర ప్రభువునకు మెత్తని పాన్పు కొరతయా? గాయకులు కొరతయా? మనస్సు పాండవుల రాజ్యభాగమును విడువకుండెను, అదియే కొరత.

నేటి గృహస్థునకు రాజ్యము లేకున్నను అప్పులు, కుమారుని ఉద్యోగము, కుమార్తె వివాహము, పెద్దల అనారోగ్యము కలవు. వీటికి తోడు తలగడ ప్రక్కన సెల్ ఫోను కలదు. పగలంతయు మోసిన బరువును రాత్రి దించుటకొక చోటు కావలెను గదా!

నిద్రను కలిగించు ఉపాయములను చెప్పుచు చరకుడు అభ్యంగనము, స్నానము, పాలు, ఒళ్ళు పట్టుట మున్నగువానితో పాటు మనస్సునకు అనుకూలమైన గంధములను, శబ్దములను గూడ చేర్చెను. ఆధునిక వైద్యులును ఈ మాటనే పరీక్షించి చూచుచున్నారు. 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్షలో 13 పరిశోధనలను, అందు పాల్గొనిన వేయిమందికి పైబడిన వారి అనుభవమును పరిశీలించి, నిద్రలేమి గలవారు సంగీతము వినుటచే నిద్ర మెరుగుపడినట్లు తెలిపిరని తేల్చిరి.

మన సంగీతమున ఈ పనికి ప్రసిద్ధమైనది నీలాంబరి రాగము. ఇది 29వ మేళకర్తయగు ధీరశంకరాభరణమునకు జన్యము. విలంబకాలమున పాడినప్పుడు దీని స్వరములు ఊయలవలె మెల్లగా ఊగును. త్యాగరాజస్వామి ఉత్సవసంప్రదాయ కీర్తనలలోని "ఉయ్యాలలూగవయ్య" ఈ రాగముననే కలదు.

అయితే రాగము మాత్రమే చాలునా? తిరుమల ఆలయమున రాత్రి కడపట జరుగు ఏకాంతసేవను పరికించినచో సమాధానము లభించును. పల్లవరాణి సామవై సమర్పించిన వెండి మూర్తియగు భోగశ్రీనివాసుని శయనమండపమున గొలుసులతో వ్రేలాడు పర్యంకముపై పవళింపజేయుదురు. ధనుర్మాసమున ఈ సేవ శ్రీకృష్ణమూర్తికి జరుగును. పాలు, పండ్లు నివేదింతురు. తాళ్ళపాక వంశీయులు లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి జరుగును. అన్నమాచార్యులు పరమపదించిన 1503 తరువాత శతాబ్దములు గడచినను, ఆ వంశమువారి గానముతోనే స్వామికి రాత్రి ముగియుచున్నది.

ఇచట ఒక సందేహము కలుగును. లోకములనెల్ల మేల్కొని కాచువానికి నిద్రయేమి? జోలయేమి? ఆయనది యోగనిద్రయే కాని మనవంటి నిద్ర కాదు. జోల ఆయనకు కావలసి పాడునది కాదు. మనకు పాడవలసి పాడునది. పెరియాళ్వారు యశోద భావముతో శ్రీకృష్ణునకు ఊయలపాట పాడెను. కులశేఖరాళ్వారు కౌసల్య భావముతో తిరుక్కణ్ణపురమునందలి స్వామిని శ్రీరామునిగా భావించి జోలపాడెను. సర్వరక్షకునకే తాము రక్షయని భావించుట వారి ప్రేమ.

ఈ భావములోనే సుఖనిద్రా రహస్యమున్నది. "నాకు నిద్ర రావలెను" అని గట్టిగా కోరుకొనుకొలది నిద్ర దూరమగును; ఆ కోరికయే ఒక మెలకువ. బిడ్డను జోకొట్టు తల్లి తన నిద్రను తలపదు. బిడ్డ నిద్రనే తలచును. కొంతసేపటికి ఆమెకే కునుకు వచ్చును. తన్ను మరచినది గనుక వచ్చినది. స్వామిని పవళింపజేయువాడును అట్లే తన చింతలను కాసేపు మరచును. చరకుడు చెప్పిన విషయములనుండి మరలుట అనాయాసముగా సిద్ధించును.

గృహములందు దీనిని ఆచరించు విధము సులభము. పూజామందిరపు తలుపు మూయుటకు ముందు గిన్నెడు పాలు నివేదించి, ఇంటివారిలో ఒకరు ఒక లాలిపాట పాడవలెను. కంఠమాధుర్యము లేదని సంకోచింపరాదు. ఏ తల్లియు సంగీతము నేర్చి జోలపాడుటలేదు. పాడువారు లేనిచో యంత్రముపై వినవచ్చును. కాని ధ్వని మిక్కిలి తగ్గించి, యంత్రమును చేతికందనంత దూరమున ఉంచవలెను. ప్రతిరాత్రియు ఒకే పాట మేలు. క్రొత్త పాటయైనచో మనస్సు దాని వెంట పరుగెత్తును. పరిచితమైనచో దానియందే ఒదుగును. మృదంగ తాళములతో కూడిన భజన సంధ్యావేళకు తగినది, శయనమునకు కాదు. పాట ముగిసిన పిదప మరియొకటి వలదు. నిశ్శబ్దము గూడ ఏకాంతసేవలోని భాగమే.

పిమ్మట, షోడశనామస్తోత్రము విధించినట్లు, శయనించునప్పుడు పద్మనాభుని స్మరింపవలెను. దుఃస్వప్నము వచ్చినచో గోవిందనామము కలదు.

ఒక్క మాట మరువరాదు. అన్యాయముగా పట్టుకొన్నది విడువనివానికి ఏ రాగమును నిద్ర తేజాలదు. విదురుని ప్రశ్నకు బదులు చెప్పుకొన్న పిదపనే పాట పనిచేయును. అట్లే వారములు, నెలలు నిద్ర పట్టనివారు వైద్యుని సంప్రదింపవలెను, అదియు ధర్మమే.

మిగిలినవారు నేటి రాత్రి తమ చింతల మూటను స్వామి పర్యంకము చెంత దించి, ఆయనకొక లాలి పాడుదురు గాక! తెల్లవారుజామున సుప్రభాతముతో ఆయన మేల్కొనును. అప్పటికి ఆ మూటను మరల ఎత్తుకొనుటకు కావలసిన బలమును మనకు సిద్ధముగా ఉంచియుండును.