70 దాటిన పెద్దలకు ఆరోగ్య కార్డు: ఫోన్‌లో ఎక్కడ ఆగుతుంది, ఎలా ముందుకు పోవాలి

ఈ పీడీఎఫ్ చదవడం కష్టంగా ఉంటే ఇంట్లో వాళ్లతోనో, ఆశా కార్యకర్తతోనో చదివించుకుని వినండి.

ఏమిటీ కార్డు?
70 ఏళ్లు, ఆపైన వయసున్న వారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. 2024 అక్టోబరు 29న ఇది మొదలైంది. పథకంలో ఉన్న ఆస్పత్రిలో చేరితే ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం. ఇంట్లో 70 దాటిన భార్యాభర్తలు ఇద్దరూ ఉంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. కార్డు మాత్రం ఎవరిది వాళ్లు తీసుకోవాలి. వయసుకు ఆధార్‌లో ఉన్నదే లెక్క.

ఆభా ఉంటే సరిపోదా?
సరిపోదు. 14 అంకెల ఆభా నంబరు మీ రిపోర్టులు ఒకచోట ఉంచుకోవడానికి. దానితో ఉచిత వైద్యం రాదు. ఆభా తీసుకుని "మాకు కార్డు వచ్చేసింది" అనుకుంటే, తేడా ఆస్పత్రిలో చేరే రోజున తెలుస్తుంది. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే వయ వందన కార్డు ఉందో లేదో చూసుకోండి.

ఎక్కడ ఆగుతుంది? ఏం చేయాలి?

1. ఓటీపీ వేరే ఫోన్‌కి పోతుంది. ఆధార్‌కి పాత నంబరో, దూరాన ఉన్న కొడుకు నంబరో ఇచ్చి ఉంటారు. ఆధార్ కేంద్రానికి వెళ్లి, రోజూ మీ దగ్గరుండే నంబరు పెట్టించుకోండి.

2. వేలిముద్ర పడదు. వయసుతో, పొలం పనితో గీతలు అరిగిపోతాయి. తప్పు మీది కాదు. "ముఖం చూపించి చేయండి" అని అడగండి. ఆయుష్మాన్ యాప్‌లో ఆ సౌకర్యం ఉంది. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, రెప్పలు ఆర్పమన్నప్పుడు ఆర్పితే చాలు.

3. అక్షరాలు కనపడవు. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచి, భాష తెలుగు పెట్టించుకోండి. రెండు నిమిషాల పని, రోజూ పనికొస్తుంది.

4. "ఏదైనా నొక్కితే పాడైపోతుందేమో" అనే భయం. చూస్తే ఫోన్ పాడవదు. ఏ గుర్తు తర్వాత ఏ గుర్తు నొక్కాలో కాగితం మీద రాయించుకుని, ఫోన్ కవరులో పెట్టుకోండి.

5. ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడటం రాదు. ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్ లేదా పల్లె దవాఖానకు వెళ్లి ఈ-సంజీవని గురించి అడగండి. అక్కడి సిబ్బందే వీడియోలో డాక్టర్‌ను కలుపుతారు. వినపడకపోతే "మళ్లీ చెప్పండి" అనడానికి మొహమాటపడొద్దు. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.

ఓటీపీ ఎవరికి చెప్పొచ్చు?
మీరే వెళ్లి కార్డు చేయించుకుంటున్నప్పుడు, ఎదురుగా కూర్చున్న సిబ్బందికి చెప్పొచ్చు. ఫోన్ చేసి అడిగేవాళ్లకి చెప్పొద్దు, ఎవరి పేరు చెప్పినా సరే. వాట్సాప్‌లో "కార్డు యాప్" అంటూ ఫైలు వస్తే నొక్కొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో పిల్లలకు ఒక మాట
ఫోన్ లాక్కుని మీరే చేసేస్తే ఆ పని ఆ పూటకే అవుతుంది. పక్కన కూర్చుని వాళ్ల వేలితోనే నొక్కించండి. నాలుగుసార్లు అడిగినా విసుక్కోకండి. విసుక్కుంటే అయిదోసారి అడగరు, మందు అయిపోయినా చెప్పరు.

ఫోన్ అసలే లేకపోతే?
వైద్యం ఆగదు. కార్డు ప్రింటు తీయించి ఆధార్‌తో కలిపి ఉంచుకోండి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి, మిగతాది ఆయన చూస్తారు. ఆభా కూడా ఇష్టముంటేనే తీసుకోవచ్చు, తప్పనిసరి కాదు.

గోడ మీద రాసుకోవాల్సిన నంబర్లు
ఆయుష్మాన్ కార్డు: 14555
ఆరోగ్య సలహా: 104
పెద్దల సహాయం: 14567
సైబర్ మోసం: 1930

ఈ వారంలో ఒక్క పని చేయండి: ఆధార్‌కి ఏ నంబరు ఉందో కనుక్కోండి. చాలామందికి పని ఆగేది అక్కడే.